పైకప్పు లేని బస్టాండు

నేను ఒక బస్టాండును. ఇంతవరకు నాలోకి ఒక్క బస్సూ రాలేదు. రాదు కూడా. నా పొడవు రెండడుగులు, వెడల్పు అడుగున్నర. నూరడుగుల హాలు నాలో అరడుగు. మనిషి వడ్లగింజంత. మనుషులు ఏదైనా పెద్దగా కట్టబోయే ముందు ఇలా అట్టతో చిన్నగా ఒకటి చేసి చూసుకుంటారు. ఇంటికి చేస్తారు, ఆనకట్టకు చేస్తారు. ఒకరినొకరు విడిచి వెళ్ళే ముందు మాత్రం చిన్నగా ఒకసారి వెళ్ళి చూసుకోరు. ఒకేసారి వెళ్ళిపోతారు.

నన్ను చేసింది నవనీత. అప్పుడామె హైదరాబాదులో ఆర్కిటెక్చరు చదువుతోంది, ఐదో ఏడు. నాకన్నా ముందు ఆమె చేతుల్లో మరో మూడు పుట్టాయి. ఒక గ్రంథాలయం, ఒక కూరగాయల మార్కెట్టు, ఒక కోర్టు. మూడింటికీ మంచి మార్కులే వచ్చాయి. కానీ మార్కులు పడిన మర్నాటి నుంచి వాటిని దాచడానికి ఎవరి దగ్గరా చోటు లేదు. గ్రంథాలయం కిటికీలను చిన్న తరగతుల పిల్లలు ఊడదీసి తమ ఆసుపత్రికి అంటించుకున్నారు. మార్కెట్టు వరండాలో తడిసి ఉబ్బిపోయింది. కోర్టు అడుగు చెక్క గట్టిదని, నవనీతే బ్లేడుతో కోర్టును గీకి పారేసి, ఆ చెక్క మీద నన్ను నిలబెట్టింది. న్యాయస్థానం ఊడిన చోట నేను పుట్టాను. ఇక నాకు భయం కాక ఏముంటుంది!

బస్టాండే ఎందుకు? నవనీత సొంత ఊరు ఎర్రమడుగు. ఆమెకు ఐదేళ్ళప్పుడు అమ్మానాన్నలు మగ్గాల పని వెతుక్కుంటూ భివండీ బయలుదేరారు. పిల్లను మేనత్త లచ్చవ్వకు అప్పజెప్పారు. లచ్చవ్వ ఆ ఊరి బస్టాండు ఊడ్చే మనిషి. ఆ బస్టాండులో సిమెంటు బల్లలు గోడకు ఎదురుగా ఉండేవి. బస్సులు వీపు వెనక ఆగేవి. ఎవరు ఎందుకలా కట్టారో కట్టినవారికే తెలియాలి. పిల్ల చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టి బల్ల మీద కూర్చోబెట్టారు. ఆమె గోడ చూస్తూ బిస్కెట్లు తింటుండగా వెనక బస్సు వెళ్ళిపోయింది. మూడేళ్ళకు ఇద్దరూ జ్వరాలతో పోయారని కబురు వచ్చింది.

“అమ్మ చెయ్యి ఊపిందో లేదో నాకు తెల్వదు” అని నవనీత ఒకసారి నా గోడలు కోస్తూ హాస్టల్లో పక్క మంచం స్నేహితురాలితో అంది. అంతకుమించి ఆ సంగతి ఎన్నడూ మాట్లాడలేదు. ఇంత చదువూ ఆ ఒక్క మాట కోసమే చదివిందని నాకు తోచింది. కాగితం మీది కట్టడాలు చాలు, ఎర్రమడుగులో ఒక్కటి నిజంగా లేవాలి. వెళ్ళేవాళ్ళను ఉండేవాళ్ళు చివరిదాకా చూడగలగాలి. ఆమెకు కావలసింది అంతే.

మొదటి గీత గీయకముందే అత్తకు ఫోన్ చేసింది.

“అత్తా, బస్టాండు ఎట్లుండాలె?”

“నన్నడుగుతవేందే, సదువుకున్నదానివి నువ్వు.”

“ముప్పై ఏండ్ల సంది ఊడుస్తున్నది నువ్వు. చెప్పరాదు.”

“కూసుంటె బస్సు కనవడాలె, గంతే. అదొచ్చిందో పోయిందో తెల్వక ఒక్కొక్కలు పదిమాట్లు లేస్తరు. లేస్తె సీటు పోతది. సీటు పోతె లొల్లి. ఆఁ, ఇంకోటి, మూలలు పెట్టకు. మూల కనవడితె చాలు, ఉమ్ముతరు.”

నవనీత పకపకా నవ్వింది. నవ్వుతూనే రాసుకుంది. అందుకే నాలో మూలలు లేవు. అర్ధచంద్రంలా ఒంగిన పది మెట్లు, ఒకదాని వెనక ఒకటి ఎత్తుగా. ఏ మెట్టు మీద కూర్చున్నా బస్సు కనబడుతుంది, బస్సు వెళ్ళే దారి పెట్రోలు బంకు మలుపు దాకా కనబడుతుంది. ఆ మెట్లన్నిటి మీదా ఒక పెద్ద వాలు కప్పు. నాలో అన్నిటికన్నా అందమైనది అదే. సన్నని చెక్కపుల్లలతో అల్లింది. టేబుల్ లైటును సూర్యుడిలా తిప్పుతూ నీడ ఎక్కడ పడుతుందో చూసుకుంది. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా చివరి మెట్టు మీద ఎండ పొడ పడకూడదని నాలుగుసార్లు విప్పి మళ్ళీ అల్లింది.

ఆ కప్పు ఊడి వచ్చేలా చేసింది. వాళ్ళ విద్యలో అది అలవాటు. నమూనాకు కప్పు ఎత్తి పక్కన పెడితేనే లోపల ఏముందో పరీక్షకులకు కనబడుతుంది. కప్పు లేని నమూనాను చూసి కప్పు లేదని వాళ్ళలో ఎవరూ అనుకోరు.

పరీక్ష రోజు బయటినుంచి వచ్చిన ఒక పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, రెండు వేళ్ళతో నా కప్పు ఎత్తి నేల మీద పెట్టాడు.

“ఇదేంటమ్మా, సినిమాహాలా?” అన్నాడు.

“కాదు సార్. బస్టాండే. కూర్చుని చూడ్డానికి.”

“బస్సుల్లో చూసేదేముంది?”

“బస్సుల్ని కాదు సార్. వెళ్ళేవాళ్ళని.”

ఆయన కళ్ళజోడు మళ్ళీ కళ్ళ మీదికి దించుకున్నాడు. చాలాసేపు వంగి నా మెట్లు చూశాడు. ఆయనకూ ఎవరో వెళ్ళిపోయి ఉంటారు. పక్కవాళ్ళతో “మంచి మార్కులు వెయ్యండి” అని మాత్రం చెప్పి కదిలాడు. కదలడంలో ఆయన బూటు కింద పడి నా కప్పు పుల్లలన్నీ విరిగిపోయాయి. ఆయన చూసుకోలేదు. నవనీత చూసింది. మార్కులు వచ్చిన ఆనందంలో అదొక లెక్క కాదనుకుంది. కప్పు ఎలా కట్టాలో గీతల్లో ఉంది కదా!

పేపర్లో నా ఫొటో వచ్చింది. ఎర్రమడుగు పెద్దలు చూశారు. ఎలాగూ బస్టాండు మరమ్మతు మొదలవుతోంది, మన ఊరి పిల్ల గీసిందే కడదామన్నారు. ఆ మాట విన్న రోజు సంబరంలో నవనీత అన్నం తినలేదు. నన్ను అట్టపెట్టెలో సర్ది, గీతల చుట్టను ఒక గొట్టంలో పెట్టి, బస్సు పార్సిల్లో పంపింది. ఆమె మర్నాడే ఒక ఆఫీసులో ఉద్యోగంలో చేరాలి.

డిపో మేనేజరు వీరేశం సారు మంచివాడు. నన్ను తన గదిలో కిటికీ పక్కన అద్దాలపెట్టెలో పెట్టించాడు. గొట్టాన్ని బీరువా మీద పెట్టించాడు. మంచివాళ్ళు అన్నీ జాగ్రత్తగా పెట్టిస్తారు, విప్పి చూడరు. పని పట్టిన పోశాలు మేస్త్రీ ఒక రోజు వచ్చి అద్దం తీసి, స్కేలుతో నన్ను కొలిచాడు.

“మెట్లు పది. గుండ్రంగున్నయి. బాగనే ఉన్నది గని, దీనికి కప్పేది సార్?”

“అండ్ల ఉన్నదా?”

“లేదు.”

“లేకుంటె లేదు. పట్నం సదువులయ్యా, గాలి రావాలని ఇడిసిపెట్టిందేమో. ఉన్నది ఉన్నట్టు కట్టు. నీ తెలివి పెట్టి ఆ పిల్ల పేరు చెడగొట్టకు.”

నాకు నోరుంటే ఆ రోజు అరిచేదాన్ని. ఆ గొట్టం నాకు మూడడుగుల దూరంలో ఉంది. ఎవరైనా మూత తీస్తే చాలు. ఎవరూ తియ్యలేదు. నా మీద గౌరవంతోనే నన్ను అలా సగంలో వదిలి కట్టేశారు.

జనవరిలో ప్రారంభం చేశారు. చల్లటి ఎండ. మెట్ల మీద కూర్చున్న జనం ఎండ కాచుకుంటూ బాగుంది బాగుందన్నారు. లచ్చవ్వ ఆ రోజు కొత్త చీర కట్టుకుని, కనబడ్డవారినల్లా “మా నవనీత కట్టింది” అని ఆపి మరీ చెప్పింది. నవనీతకు సెలవు దొరకలేదు. ఎవరో ఫోన్‌లో ఫొటో పంపారు. ఆ ఆదివారమే ఊడిపడింది.

“సార్, పైకప్పు ఏది?”

“నువ్వు పెట్టలేదు గదమ్మా” అన్నాడు వీరేశం సారు అమాయకంగా, నా వైపు చూపిస్తూ.

ఆమె బీరువా మీది గొట్టం తీసింది. మూతకు తను అంటించిన టేపు అలాగే ఉంది. గోరుతో ఆ టేపును కాసేపు గీకింది, విప్పలేదు. సారు ముఖం చిన్నబోయింది. “తప్పయింది బిడ్డా. రాసియ్యి, పైకి పంపుత” అన్నాడు. రాసిచ్చింది. మార్చిలో మళ్ళీ వచ్చి రాసిచ్చింది. మొదటి కాగితం ఎక్కడుందో వాకబు చేస్తూ మూడోది రాసింది. కట్టడం పూర్తయిందని పై ఆఫీసు పుస్తకాల్లో ఉంది కనుక, పూర్తయినదానికి కప్పు ఎలా మంజూరవుతుందని జవాబు వచ్చింది.

ఎండలు ముదిరాయి. పది గంటలకే మెట్లు పెనంలా కాలేవి. జనం మళ్ళీ, పక్కన కూల్చకుండా ఉంచిన పాత గోడ నీడకే పోయి, పాత బల్లల మీదే కూర్చున్నారు. గోడకు ముఖం, బస్సులకు వీపు. మెట్ల మీద ఎవరో మిరపకాయలు ఎండబోశారు. చూసినవాళ్ళు “కల్లం మంచిగ కట్టిందిరా పిల్ల” అని నవ్వుకునేవాళ్ళు. ఒక్క లచ్చవ్వ మాత్రం పని మధ్యలో తడి తువ్వాలు నెత్తిన వేసుకుని వెళ్ళి అక్కడే కూర్చునేది.

“లే అత్తా, మాడిపోతవు” అని మూడోసారి వచ్చినప్పుడు నవనీత చెయ్యి పట్టి లాగింది.

“మాడితె మాడుత. ఒక్కరన్న కూసోకపోతె గిది మిరపకాయలదైతది.”

తరువాతి సంవత్సరం వేసవికి ఉత్తర్వు వచ్చింది. మెట్లు ఎవరికీ ఉపయోగపడటం లేదు కనుక కూలగొట్టి, ఆ జాగాలో దుకాణాలు కట్టాలని. రాసినవారిది తప్పని నేననను. నిజంగానే ఎవరూ కూర్చోవడం లేదు. కబురు తెలిసి నవనీత వచ్చింది. ఈసారి కాగితమేదీ రాయలేదు. ఆమె ఇప్పుడు పెద్ద పెద్ద ఇళ్ళకు స్నానాల గదుల టైల్సు గీస్తోంది. ఆఫీసువాళ్ళు పూణే పంపుతున్నారు. నా పెట్టె ముందు నిలబడి, “దీన్ని తీస్కపోతవా బిడ్డా?” అని సారు అడగకముందే తల అడ్డంగా ఊపింది. ఆమెను నేను తప్పుపట్టను. ఎక్కడ పెట్టుకుంటుంది? అంతకు ముందు మూడింటిని పెట్టుకోలేకపోయింది.

ఇప్పుడు నేను పార్సిల్ గదిలో మూటల మీద ఉన్నాను. నా అద్దాలపెట్టెలో షీల్డులు పెట్టారు. రెండు మెట్లు ఎలుకలు కొరికాయి. నా బాధ ఇక ఎవరికీ పనికిరాదు గనుక, చూసిన ఆఖరి పగలు ఒక్కటి చెప్పి ఊరుకుంటాను.

ఆ రోజు నేనింకా కిటికీ పక్కనే ఉన్నాను. పన్నెండు దాటింది. నిప్పులు కురుస్తున్నట్టుంది. జేసీబీ గేటు దగ్గరికి వచ్చి ఆగింది. నవనీత సంచీలతో హైదరాబాదు బస్సు ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. లచ్చవ్వ గోడ నీడకు పోలేదు. మెట్లెక్కి పదో మెట్టు మీద కూర్చుంది.

“అవ్వా, దిగు, మేం మొదలుపెట్టాలె” అన్నాడు జేసీబీ నడిపేవాడు.

“ఆగు బిడ్డా. బస్సు పోనీ.”

“లోపలికి పో అత్తా, ఎండ!” అని నవనీత కిటికీలోంచి అరిచింది. లచ్చవ్వ కదల్లేదు. బస్సు వెనక్కి జరిగి, తిరిగి, గేటు దాటింది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఊగుతూనే ఉంది. లచ్చవ్వ కూడా ఊపింది. రోడ్డు వెంట, చింతపండు గోదాము ముందు నుంచి, బంకు మలుపు దాకా ఆ చెయ్యి కనబడింది. తరువాత కనబడలేదు. ఆ మెట్లు ఎందుకు కట్టారో ఆ పని అవి ఒక్కసారి చేశాయి. ఒక్క మనిషికి.

“అయిపాయెనా అవ్వా?”

“అయిపాయె” అని లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. కింద పెట్టిన చీపురు తీసుకుంది.

“ఇంకేంది మళ్ళ?”

“ఊడ్వనీ” అంది లచ్చవ్వ. పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా, పది మెట్లూ, ఒక్క మిరపగింజ మిగలకుండా ఊడ్చింది. చెత్త ఎత్తి తట్టలో పోసుకుని పక్కకు జరిగింది.

“ఇగ కూలగొట్టుకో బిడ్డా.”