కిరాయి వద్దన్న సేటు

నల్లగొండలో గుర్వయ్య సేటుకు నూనె దుకాణం, దాని వెనక వరసగా కిరాయికిచ్చే నాలుగు పెంకుటి అర్రలు ఉండేవి. ఒకటో తారీఖున పొద్దు పొడవకముందే అర్రల తలుపులు దబదబా బాదేవాడు. అలాంటి మనిషి, కిరాయి ఇస్తానంటే పారిపోయే రోజు వస్తుందని జానమ్మ కలలో కూడా అనుకోలేదు.

జానమ్మ దవాఖానలో ఆయా. మొగుడు పోయాక ఆరేళ్ళుగా చివరి అర్రలో ఒక్కతే ఉంటోంది. నెలకు పన్నెండు రూపాయలు, ఒక్కనాడూ తప్పలేదు. ఆ ఏడు సాగర్ కాలువ పనుల మీద కోస్తా నుంచి ఓ సూపర్‌వైజరు దిగి, అదే అర్రకు ముప్పై ఇస్తానన్నాడు. అప్పటి నుంచీ సేటుకు జానమ్మ మొహంలో పద్దెనిమిది రూపాయల నష్టం కనిపించసాగింది.

"అర్ర ఖాళీ చెయ్యి జానమ్మా. నా కొడుకుకు కావాలె," అన్నాడు.

"ఏ కొడుకు సేటూ? నీకు ముగ్గురూ ఆడపిల్లలేనాయె!"

సేటు ఆ మాట విననట్టు తక్కెడ తుడుచుకున్నాడు.

ఒకటో తారీఖున ఆమె కిరాయి పట్టుకుని వెళ్తే, సేటు భార్య అండాలు గడపలో అడ్డం నిలబడి, "ఆయన మోత్కూరు పోయిండు," అంది. లోపలి నుంచి మోత్కూరు గట్టిగా దగ్గింది. మర్నాడు దుకాణానికి వెళ్తే సేటు వెనక దారిన జారుకున్నాడు. బజారులో ఎదురైతే పక్క సందులోకి మళ్ళాడు. చూసినవాళ్ళు, సేటే జానమ్మకు బాకీ పడ్డాడనుకున్నారు.

తీసుకోకపోతే మిగిలిందే కదా అని దవాఖానలో తోటివాళ్ళు అన్నారు. పోస్టుమాన్ పెద్దులు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"మిగలదక్కా, మునుగుతవ్. కిరాయి ఎగ్గొట్టిందని కేసేస్తడు. నీ సామాను బజార్ల పడ్తది. మనియార్డర్ కొట్టు. తీసుకున్నా కాయితమే, తీసుకోకున్నా కాయితమే."

మూడు నెలలు మూడు మనియార్డర్లు పంపింది. మూడూ తిరిగొచ్చాయి. నోటితో వద్దంటే చెల్లదు, రాసియ్యాలని పెద్దులు పట్టుబట్టాడు. తన దస్తూరీ మీద మోజున్న సేటు ప్రతి ఫారం మీదా 'నాకు అక్కర లేదు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద వంకీలు తిప్పి సంతకం చేశాడు. ఆ సిరా ఆరకముందే వకీలు దగ్గరికి వెళ్ళి కేసు వేశాడు.

కచేరీలో కిరాయి కేసులు చూసే ఆఫీసరు ముందు ఇద్దరూ నిలబడ్డారు. సేటు కండువాతో కళ్ళొత్తుకుంటూ, "మూడు నెలల సంది పైస చూపియ్యలె సార్. ఆడమనిషని ఊకున్న," అన్నాడు.

జానమ్మ మూడు ఫారాలూ బల్ల మీద పెట్టింది. ఆఫీసరు వాటిని తిప్పి చూశాడు.

"దస్తూరీ బాగుందే! నీదేనా?"

మెచ్చుకుంటే కాదనడం సేటుకు పుట్టుకలోనే లేదు. "నాదే సార్," అన్నాడు మురిసిపోతూ. పక్కన వకీలు నెత్తి పట్టుకున్నాడు.

ఆఫీసరు కేసు కొట్టేసి, బాకీ అక్కడే పుచ్చుకొమ్మన్నాడు. ఆరేళ్ళూ జానమ్మ కిరాయి అరుగు మీద పెడితే, సేటు అంటు తగులుతుందని చెంబుతో నీళ్ళు చల్లి తీసుకునేవాడు. కచేరీలో అరుగూ లేదు, చెంబూ లేదు. ముప్పై ఆరు రూపాయలూ అతని అరచేతిలోనే, ఒక్కో నోటూ నొక్కి నొక్కి పెట్టింది.

సూపర్‌వైజరు పానగల్ వైపు వేరే ఇల్లు చూసుకున్నాడు. వానలు పడ్డాయి. జానమ్మ అర్ర కారింది.

"పెంకులు సదిరియ్యి సేటూ."

"పోయి కచేరిల చెప్పుకో!"

"గట్లనే. తొవ్వ ఎరుకైంది గద," అంటూ ఆమె కొంగు బిగించి బయలుదేరింది. బజారు మలుపు తిరగకముందే సేటు దుకాణం వదిలి, పెంకులు సర్దేవాడి కోసం ఉరికాడు.

ఆ ఖర్చంతా మిగతా మూడు అర్రల కిరాయి మీద వేశాడు. మర్నాడు ఆ అర్రలవాళ్ళు ముగ్గురూ వచ్చి జానమ్మ గుమ్మంలో కూర్చున్నారు. పాత కిరాయే పంపడానికి మనియార్డర్ ఫారం ఎక్కడ దొరుకుతుందని అడిగారు.