మొదటిసారి ఆన్ చేసిన రోజు

ల్యాబు మాస్టారికి ఒక జబ్బుంది. చేతిలో పని అయ్యేదాకా కుర్చీలోంచి లేవడు. బడిలో సైన్సు ల్యాబు చూసుకునే ఉద్యోగం ఆయనది. టెస్ట్‌ట్యూబులు కడగడానికి కూర్చున్నాడంటే సాక్షాత్తూ హెడ్‌మాస్టరే పిలిచినా "ఒక్క నిమిషం సార్" అనేవాడు. ఆ నిమిషం ముప్పావుగంటకి తక్కువుండదని బడంతటికీ తెలుసు. ఇంట్లో మాత్రం ఆ మాట అనే అవసరం చాలా ఏళ్ళుగా రాలేదు, పిలిచేవాళ్ళే లేరు మరి.

ఇంట్లో ఉన్నదల్లా పంతొమ్మిదేళ్ళ నాటి కంప్యూటరొకటి. అందులోని పాత సిస్టమ్ కాస్తా చేతులెత్తేసింది. పారేయమంటే మాస్టారికి ప్రాణం ఒప్పలేదు. కింది వాటాలో రిపేరు షాపు నడిపే ఆవిడని వీధంతా డాక్టరమ్మ అంటారు. ఆవిడ పైకొచ్చి, మూత విప్పి, దుమ్మంతా ఊది, "లినక్స్ అని ఇంకో సిస్టమ్ ఎక్కిద్దాం మాస్టారూ. దీనికింకా ఆయుష్షుంది" అంది. ఓ పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి వెళ్ళింది.

ఎక్కితేగా! అసలు పెన్‌డ్రైవ్ వంకే చూడలేదది. "ముందు కాదు, వెనకవైపు గుచ్చండి" అంది డాక్టరమ్మ. వెనక గుచ్చితే ఆ పెన్‌డ్రైవ్ కొత్తరకం మెషిన్లకి చేసినదని తేలింది. ఆవిడ నాలిక్కరుచుకుని పాత పద్ధతిలో మళ్ళీ చేసిచ్చింది. అప్పటికి కాస్త కదిలింది. నల్లటి తెర మీద ఓ తెల్లగీత మిణుకుమిణుకుమంటూ కనబడి, ఇక అక్కడే భీష్మించుకు కూర్చుంది.

అది ఆగిందో లేదో, కిటికీ బయట వాన మొదలైంది. అంతదాకా పొద్దుటి ఎండ. ఇప్పుడేమో సాయంత్రం నాలుగింటి మసక వెలుతురు. ఎప్పుడో చింపేసి తుడుపుగుడ్డలు చేసిన నీలం పరదాలు మళ్ళీ కిటికీకి వేలాడుతున్నాయి. పక్కగదిలో కుట్టుమిషను టకటకలాడుతోంది.

చెప్తే డాక్టరమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. "కంప్యూటరు లోపలి గడియారం బ్యాటరీ కొనఊపిరితో ఉందన్నమాట. అలాంటప్పుడు పాత మెషిను మొదటిసారి ఆన్ చేసిన రోజుకి పోతుంది, గదిని కూడా వెంటేసుకుని. మీకు వానేగా, నయం! మా పెదనాన్నగారింట్లో వరద రోజుకి పోయింది. రెండు పరుపులు నానాయి."

రూపాయిబిళ్ళంత కొత్త బ్యాటరీ ఒకటి ఇచ్చింది. తెర ఆగిపోయే చోట ఏ మాట చేర్చాలో చీటీ మీద రాసిచ్చింది. పాతకాలపు గ్రాఫిక్స్ కార్డుకి ఆ మాట మందులా పనిచేస్తుందట. మాస్టారు రెండూ చొక్కా జేబులో వేసుకున్నాడు. రోజూ చొక్కా మారినా, ఆ రెండూ జేబులోంచి జేబులోకే మారాయి తప్ప మెషిన్ దాకా రాలేదు. "ఇంకా బూట్ అవ్వట్లేదండీ" అని మాత్రం పొద్దున్నే అమాయకంగా చెప్పేవాడు.

ఎందుకంటే, కంప్యూటరు కొని తెచ్చిన ఆ మొదటిరోజు కూడా అది ఇలాగే మొరాయించింది. మధ్యాహ్నం నుంచీ ఆయన దాని ముందే కూర్చున్నాడు. చెల్లికి దూరపు ఊళ్ళో బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. "గడప దాటావో, మళ్ళీ నీ మొహం చూపించకు" అని నాన్న తేల్చేశాడు. నాలుగింటికి పక్కగదిలో మిషను ఆగింది.

"అన్నయ్యా, ఒకసారి ఇటొస్తావా?"

"ఒక్క నిమిషమే. అయిపోవచ్చింది."

వీధి తలుపు చప్పుడైంది. అంతే. పంతొమ్మిదేళ్ళలో ఒక్క ఉత్తరం ముక్క లేదు. నాన్న పోయినప్పుడు కూడా కబురెక్కడికి పంపాలో ఆయనకి తెలియలేదు.

ఇప్పుడు తెల్లగీత మిణుకుమన్నప్పుడల్లా ఆ పిలుపు వినబడుతోంది. లేద్దామనే అనుకుంటాడు. తీరా చూస్తే పాడు నోరు, "ఒక్క నిమిషమే" అని ముందే అనేస్తుంది. మళ్ళీ తలుపు చప్పుడు. ఆ తర్వాత వట్టి వాన. అయినా సరే, పిలుపుకి ముందు పది నిమిషాలు చెల్లి మిషను తొక్కడం వినొచ్చు కదా అని రోజూ ఆన్ చేసేవాడు. ఎంత బెంగ పెట్టేసుకున్నాడంటే, టెస్ట్‌ట్యూబులు సగంలో వదిలేసి ఇంటికి పరిగెత్తుతుంటే, ఈయనకేమైందోనని హెడ్‌మాస్టరు కంగారుపడ్డాడు. కానీ రోజురోజుకీ వాన పలచనవుతోంది, పిలుపు సన్నబడుతోంది.

శనివారం డాక్టరమ్మ పైకొచ్చింది. ఆయన జేబులో గుండ్రటి ఉబ్బు చూసింది.

"ఎవరున్నారు మాస్టారూ అక్కడ?"

"మా చెల్లి."

"పలకరించారా?"

"నోరేమో ముందొచ్చేస్తోంది. కాళ్ళు రావట్లేదు."

"అయితే నోరు మూసుకుని లేవండి. పాత బ్యాటరీ రేపటిదాకా ఉంటే గొప్ప. అది పోతే ఆ రోజూ పోతుంది. అందుకే రేపు లినక్స్ కూడా ఎక్కించెయ్యండి. కొత్త సిస్టమ్‌కి రేపే మొదటిరోజు అవుతుంది."

ఆదివారం పొద్దున్నే మాస్టారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. కొత్త బ్యాటరీ మాత్రం జేబులోనే ఉంచి, చీటీలోని మాట అక్షరం పొల్లుపోకుండా కొట్టాడు. ఈసారి తెల్లగీత ఆగలేదు. వరసలు వరసలుగా అక్షరాలు జారాయి. పది శాతం, ముప్పై, అరవై. కిటికీ బయట తుంపర. పక్కగదిలో మిషను ఆగింది.

"అన్నయ్యా, ఒకసారి ఇటొస్తావా?"

ఉందా లేదా అన్నంత సన్నటి గొంతు. మాస్టారి నాలుక అప్పుడే "ఒ" దాకా వచ్చేసింది. అరచేత్తో నోరు నొక్కేసుకుని ఒక్క ఉదుటున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. మోకాలు బల్లకి కొట్టుకుంది. తెర వంక చూడనైనా చూడలేదు.

సర్దిన సంచీతో చెల్లి నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల.

"లేచావా!" అంది. కళ్ళనిండా నీళ్ళు. "అదేంటి, తలంతా నెరిసిపోయింది?"

"లేవడం కాస్త ఆలస్యమైందిలే. ఏంటమ్మా, పిలిచావు?"

"వెళ్తున్నానన్నయ్యా. వెళ్ళిరా అని ఒక్కరైనా అంటారేమోనని."

మాస్టారు సంచీ అందుకున్నాడు. "వెళ్ళిరా తల్లీ. నాన్న సంగతి నేను చూసుకుంటా. చేరగానే ఉత్తరం రాయి" అన్నాడు. మెట్లు దిగి, వానలో తడుస్తూ, వీధి చివరిదాకా సంచీ మోశాడు. మలుపు తిరగ్గానే వాన ఆగిపోయింది. చేతిలో బరువు లేదు, పక్కన చెల్లీ లేదు. అరచేతిలో సంచీ పిడి ఒత్తుకున్న ఎర్రటి చార మాత్రం ఉంది. మండే ఎండలో తడిసి ముద్దై నడిచొస్తున్న మనిషికి, డాక్టరమ్మ షాపులోంచి తువ్వాలు అందించింది.

పైకొచ్చేసరికి, నిన్నటిదాకా దుమ్ము తప్ప ఏమీ లేని అలమారలో ఉత్తరాల కట్ట ఉంది, కుట్టుదారంతో ముడేసి. పంతొమ్మిదేళ్ళవి. పైనున్నది ఈ వారమే వచ్చింది. మాస్టారు విప్పాడు.

"అన్నయ్యా, ఆదివారం పదింటి బస్సుకి దిగుతున్నాం. ఈసారి కూడా మామయ్య స్టాండుకొస్తాడా అని పిల్లలు ఒకటే గోల. ఒక్క నిమిషం అన్నావో, చంపేస్తా."

లినక్స్ ఎక్కడం పూర్తయింది. తెర మూల ఆదివారం, తొమ్మిదీ నలభై అని సరైన టైము చూపిస్తోంది. మళ్ళీ ఆన్ చేయమంటారా అని అడుగుతూ నడిమధ్యన ఓ చిన్న డబ్బా నిలబడింది.

"ఒక్క నిమిషం ఉండు" అని కంప్యూటరుతో చెప్పి, మాస్టారు తడి చొక్కాతోనే రెండేసి మెట్లు దిగుతూ వెళ్ళిపోయాడు.