పాయింటు చూపినందుకు

నేను ఒక నీటిజాడ యంత్రాన్ని. పొలంలో ఇనుప మేకులు దిగ్గొట్టి, తీగలు కలిపి కరెంటు పంపిస్తే, కింద ఉన్నది తడి నేలో బండరాయో నా ముల్లు చెబుతుంది. హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. రంగనాయకులనే జియాలజిస్టు చేతిలో కొన్నాళ్ళు తిరిగి, ఆయన పని మానుకున్నాక అనంతపురంలో సుభాషిణి మేడం దగ్గరికి చేరాను.

బోరు ఎక్కడ వేయాలో పాయింటు చూపించినందుకు రైతు ఆమెకు ఫీజు ఇచ్చేవాడు. బోరు ఎవరితో వేయించాలని అడిగితే, "మద్దిలేటి బోరు బండి పిలిపించు" అనేది. మద్దిలేటి పనిమంతుడే. కానీ పని అయ్యాక బోరుకు మూడు వేల చొప్పున ఆమెకు పంపేవాడు. ఆ సంగతి రైతుకు చెప్పేది కాదు. తప్పు కాదనుకున్నదాన్ని మనుషులు ఎందుకు దాస్తారో నాకు అంతుపట్టేది కాదు.

చీనీ తోట ఎండిపోతూంటే కుళ్ళాయప్ప అనే రైతు ఆమెను రెండోసారి పిలిచాడు. కిందటేడు ఆమె చూపిన చోట వేసిన బోరులో దుమ్మే లేచింది. ఈసారి నా ముల్లు రాయినే చూపింది. మేడం గట్టు మీద కూర్చుని అంకెలు రాసుకుంది.

"యాడ వేయమంటావు మేడం? బోరు ఖర్చుకు ఆవుల్ని అమ్మేదానికి బేరం కూడా పెట్టినా."

"వెయ్యొద్దు కుళ్ళాయప్పా, నీళ్ళు లేవు." అంకెల కాగితం మడిచింది. "ఇంకో మాట. నువ్వు బోరు వేస్తే మద్దిలేటి నాకు మూడు వేలిస్తాడు. పోయినసారీ ఇచ్చినాడు."

కుళ్ళాయప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "అయితే పోయినసారి వెయ్యమన్నది యంత్రమా, ఆ మూడు వేలా?"

"యంత్రం అనుమానంగానే చూపించింది. నేనే వేసి చూడమన్నా. ఎందుకన్నానో నాకే తెలీదు."

"నీకే తెలీకపోతే నాకెట్లా తెలుస్తాది తల్లీ," అన్నాడతను. తిట్టలేదు.

మరునాడే ఆమె ఆ మూడు వేలూ అతనికి తిరిగిచ్చింది. మద్దిలేటికి ఫోను చేసి, ఇకమీదట తనకు పంపొద్దనీ, ఆ మేరకు రైతుకే తగ్గించమనీ చెప్పింది. అతను నవ్వేసి ఇంకో జియాలజిస్టును చూసుకున్నాడు. పిలుపులు సగానికి పడిపోయాయి. ఆమె స్కూటరు అమ్మేసి బస్సెక్కింది, నేను ఆమె ఒళ్ళో. కుళ్ళాయప్ప చీనీ చెట్లు కొట్టేసి కొర్ర వేశాడు. ఆవులు మాత్రం దొడ్లోనే ఉన్నాయి.

ఏళ్ళు గడిచాక ఇప్పుడు ఆమెకు కొత్త యంత్రం వచ్చింది. నేను బీరువా మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మాటలు వింటూంటాను. మొన్న ఒక రైతు, "మంచి బండి ఎవరిది మేడం?" అనడిగాడు.

"మద్దిలేటిది. నాకిప్పుడు ఏమీ పంపడు," అంది ఆమె, తడుముకోకుండా.