ఫ్యాన్లు తీసేసిన బ్యారక్

ప్రొద్దుటూరు కోర్టు ఆవరణలో పోలీసు వ్యాను ఆగింది. అందులోంచి దిగిన శ్రీవత్సను దిల్షాద్‌బీ కింది నుంచి పైదాకా చూసింది. వాడు ఒళ్లు చేశాడు. అరెస్టయిన రోజు టీవీలో చూపించినప్పుడు దవడలు పీక్కుపోయి ఉన్నాడు. ఇప్పుడు బుగ్గలొచ్చాయి. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. తల నున్నగా దువ్వుకున్నాడు. వాడి తల్లి కాత్యాయని ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య నుంచి చేయి చాపి, కొంగుతో వాడి మెడ మీది చెమట తుడిచింది. వాడు చిన్నపిల్లాడిలా మెడ వంచి తుడిపించుకున్నాడు.

దిల్షాద్‌బీ కూతురు సుమయ్యాను చంపింది ఈ శ్రీవత్సే. అందులో ఎవరికీ అనుమానం లేదు. సుమయ్యా పులివెందులలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. శ్రీవత్సది ఆ వీధే. తండ్రి నాగభూషణం రిటైరైన హెడ్మాస్టరు. ఊళ్లో పలుకుబడి ఉన్న పెద్దవాళ్లందరూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. శ్రీవత్స ఏడాదిపాటు ఆ పిల్ల వెంటబడ్డాడు. ఆమె ఫోన్ నంబరు మార్చింది, దారి మార్చింది, చివరికి అన్న కలీంకు చెప్పింది. కలీం వెళ్లి నాగభూషణంతో మర్యాదగానే మాట్లాడి వచ్చాడు. ఆ వారంలోనే ఒకరోజు పొద్దున, సుమయ్యా ల్యాబు షట్టరు ఎత్తుతుండగా శ్రీవత్స వెనక నుంచి వచ్చి కత్తితో పొడిచాడు. పొడిచి పారిపోలేదు. మెట్ల మీద పడిపోయిన పిల్ల నీళ్లు అడుగుతుంటే పక్కనే నిలబడి చూశాడు. ఎదురుగా టీ అంగట్లోని మనుషులు రాబోతే కత్తి చూపించి ఆపాడు. ప్రాణం పోయాకే పక్కకు జరిగాడు.

సుమయ్యా తండ్రి కువైట్‌లో డ్రైవరు. కూతుర్ని మట్టి చేసే వేళకు అందలేదు. తర్వాత వచ్చి నాలుగు రోజులుండి, సెలవు లేదని మళ్లీ వెళ్లిపోయాడు. ఇంట్లో దిల్షాద్‌బీ, ఏసీలు బాగుచేసే కలీం మిగిలారు.

కోర్టు నుంచి ఇంటికొచ్చాక ఆమె కొడుకును పట్టుకుంది.

"వాడు లావైనాడు చూసినావా? జైల్లో ఏం పెడ్తాండారురా వాళ్లకు?"

"ఇంటి నుంచి పోతాది అమ్మీ. ఆడ ఉండొచ్చినోళ్లు చెప్తాండారు. ఫ్యాన్లుండాయంట, టీవీ ఉందంట. ఇంకా శిక్ష పడలేదు గదా, రిమాండు ఖైదీకి అట్లనే ఉంటాదంట."

"శిక్ష ఎప్పుడు పడ్తాది?"

తీర్పుకు ఏళ్లు పట్టొచ్చని లాయరు చెప్పిన మాట తల్లికి చెప్పే ధైర్యం కలీంకు లేదు.

శ్రీవత్సను ఉంచింది ఎర్రబండ సబ్‌జైల్లో. జమ్మలమడుగు దాటాక బస్సు దిగి, బండరాళ్ల మధ్య కొంచెం నడిస్తే వస్తుంది. మరుసటి రోజే దిల్షాద్‌బీ అక్కడికి వెళ్లింది. ఆమె వెళ్లేసరికి కాత్యాయని గేటు దగ్గర టిఫిన్ క్యారియరు లోపలికి అందిస్తోంది. గోడ అవతల టీవీలో క్రికెట్ వస్తోంది. ఎవరో ఈల వేశారు, పదిమంది నవ్వారు. ఆ నవ్వుల్లో వాడి నవ్వు కూడా ఉందనుకునేసరికి ఆమెకు ఒళ్లు తెలియలేదు. గేటు ఇనుప చువ్వలు పట్టుకుని ఊపింది.

"నా బిడ్డ మట్టి కింద ఉంది. వాడు ఫ్యాను కింద ఉండాడు! ఇది జైలా, పెండ్లిల్లా? వాన్ని సల్లగా పండబెట్టి మేపుతాండారు, మీకు ఆడబిడ్డలు లేరా?"

ఖైదీలను చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకతను ఫోన్లో వీడియో తీశాడు. సాయంత్రానికి అది జిల్లా అంతా తిరిగింది. కడప నుంచి టీవీ వాళ్లు వచ్చారు. స్టూడియోలో ఒక లాయరు, నేరం రుజువు కాని మనుషులను బాధపెట్టే హక్కు జైలుకు లేదని చెప్పబోయాడు. ఫోన్ చేసినవాళ్లంతా ఆయన్ను తిట్టారు. నీ కూతుర్ని పొడిస్తే ఇట్లనే మాట్లాడతావా అని ఒకామె అడిగితే ఆయన తల వంచుకున్నాడు.

ఆ గోలతో ఎర్రబండకు కొత్త జైలు అధికారి వచ్చాడు. రాగానే బ్యారక్‌లో ఫ్యాన్లు ఊడదీయించాడు. టీవీ పోయింది. బయటి తిండి ఆగిపోయింది. తాగేనీళ్ల డ్రమ్ము బ్యారక్‌లోంచి వరండాలోకి మారింది. వార్డరు ఇచ్చినప్పుడే నీళ్లు. అప్పటికి ఏప్రిల్ నడుస్తోంది. కడప జిల్లాలో ఏప్రిల్ అంటే ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ బ్యారక్‌ది రేకుల కప్పు.

అధికారి దిల్షాద్‌బీని స్వయంగా పిలిపించి కుర్చీ వేశాడు.

"ఈడ ఇంగ అత్తగారింటి మర్యాదలు ఉండవమ్మా. నువ్వు మళ్లీ గేటు ముందర అరిచే పని పెట్టను."

ఆ రోజు ఆమె ఇంటికొచ్చి ఎన్నాళ్లకో కడుపునిండా అన్నం తింది.

అప్పటినుంచి వారం వారం ఎర్రబండకు వెళ్లడం మొదలుపెట్టింది. ఆ మొదటి వారమే గేటు దగ్గర కాత్యాయని ఎదురైంది. ఆమె చేతిలో క్యారియరు ఉంది, లోపలికి తీసుకోలేదు. ముఖం కందిపోయి ఉంది. దిల్షాద్‌బీని చూసి దగ్గరికి వచ్చింది.

"తల్లీ, వాడికి ఉరి వేయమను, నేనడ్డం రాను. వాడు చేసింది నాకూ తెలుసు. ఈ పెరుగన్నం ఒక్కటి పోనిమ్మని నువ్వు చెప్తే ఆయన వింటాడు. నీళ్లు కూడా సరిగ్గా ఇవ్వట్లేదంట."

దిల్షాద్‌బీ చేయి చాపింది. కాత్యాయని కళ్లలో ఆశ పుట్టింది. క్యారియరు ఆమె చేతికిచ్చింది. దిల్షాద్‌బీ మూత తీసి, ఒక్కో గిన్నె నిదానంగా నేల మీద బోర్లించింది. పెరుగన్నం, వంకాయ కూర, చివరికి మజ్జిగ.

"నా బిడ్డ నీళ్లు అడిగింది. నీ కొడుకు పక్కన నిలబడి చూసినాడు. నువ్వు కూడా చూడు."

ఖాళీ గిన్నెలు తిరిగి ఆమె చేతుల్లో పెట్టింది. కుక్కలు వచ్చాయి. కాత్యాయని కూర్చుని ఏడుస్తుంటే దిల్షాద్‌బీ చెట్టు నీడకు పోయి, ఆమె లేచి వెళ్లిపోయేదాకా చూస్తూనే ఉంది.

అధికారి ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పేవాడు. చెప్పేకొద్దీ ఆమె ఇంకా అడిగేది.

"నిన్న మధ్యాన్నం గోడకు ముఖం ఆనించి ఏడ్చినాడమ్మా. గోడ సల్లగా ఉంటాదని నాలుకతో నాకినాడు."

"మీరేం చేసినారు సార్?"

"వరండాలో డ్రమ్ము కనపడేటట్ల తలుపు తీపించినా. చూసి ఇంకా ఏడ్చినాడు."

"ఇచ్చినారా?"

"సాయంత్రానికి."

"ఏమని ఏడుస్తాండె?"

అధికారి చూపు కిటికీ వైపు తిప్పాడు. "ఏముంది, దేవుణ్ణి పిలుస్తాండె."

ఆమె నవ్వింది. ఇంటికొచ్చి కలీంకు పూస గుచ్చినట్లు చెప్పింది. గోడ నాకడం దగ్గర కలీం ప్లేటు పక్కకు జరిపి లేచిపోయాడు. "తిను, తిను. ఇది మనం వినాల్సిన మాటే" అని అతని వెనకే అంది. పడుకున్నాక కూడా ఆ మాటనే నోట్లో తీపి బిళ్లలా చప్పరించింది. వాడి బుగ్గలు మళ్లీ లోపలికి పోయి ఉంటాయి. పెదాలు పగిలి ఉంటాయి. ఆ ఊహలతోనే ఆమెకు నిద్ర పట్టేది.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆమె వెళ్లేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. వరండాలో దుప్పటి కప్పిన శవం. పక్కన ఒక ముసలామె కూర్చుని, తడిగుడ్డతో శవం పాదాలు తుడుస్తోంది. పాదాల కింద చర్మం ఎండి పెచ్చులు లేచింది. దిల్షాద్‌బీ అడుగులు వడిగా పడ్డాయి. అది భయం కాదు. వాడే అనుకుంది. దగ్గరికి పోయింది. దుప్పటి చివర నెరిసిన గడ్డం కనిపించింది.

ముసలామె పేరు రహమత్‌బీ. చాపాడు దగ్గరి పల్లె. చనిపోయింది ఆమె భర్త గఫూర్. మేకలు చేలో పడ్డాయని గొడవైతే పక్క చేనతన్ని కర్రతో కొట్టాడు. అతని చేయి విరిగింది, కేసయింది. బెయిలు వచ్చింది కానీ జామీనుకు నిలబడేవాళ్లు దొరకలేదు.

"నీ మనిషి కూడా ఈడనే ఉండాడా ఆపా?" అని రహమత్‌బీ అడిగింది.

దిల్షాద్‌బీ ఆమె పక్కన కూర్చుంది.

"ఫ్యాన్లు తీసేసినారు గదా, ఈయనకు ఊపిరాడలా. ఎవరో ఒకామె టీవీలో అరిచిందంట, అప్పట్నుంచి తీసేసినారంట. ఆమెకు శాపం పెడదామంటే నోరు రాల్యా. ముందే బిడ్డ పోయిందంట గదా."

దిల్షాద్‌బీ లేచి అధికారి గదిలోకి పోయింది. ఆయన ఫోన్ మీద ఫోన్ మాట్లాడుతున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

"సార్, శ్రీవత్స యాడ ఉండాడు?"

"ఇప్పుడు కాదులేమ్మా, పో."

"వాన్ని ఒకసారి చూపించండి. పోతా."

ఆయన ఫోన్ బల్ల మీద విసిరాడు. "వాడు ఈడ లేడు. ఆస్పత్రిలో ఉండాడు. ఫ్యాన్లు తీసిన వారానికే వాళ్ల నాయన పైనుంచి చెప్పించి సర్టిఫికెట్టు తెచ్చినాడు. ఏసీ గదిలో ఉండాడు. చాలా?"

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది.

"మరి గోడ నాకినాడంటివే? దేవుణ్ణి పిలిచి ఏడ్చినాడంటివే?"

"నువ్వు వారం వారం వచ్చి నా ప్రాణం తీస్తాంటివి గదమ్మా. వాడు లేడంటే మళ్లీ టీవీ వాళ్లను తెస్తావు. నేనేం అబద్ధం చెప్పలా. జరిగిందే చెప్పినా." ఆయన వరండా వైపు చేయి చూపించాడు. "ఏడ్చింది ఆ ముసలాయన."

దిల్షాద్‌బీ బయటికొచ్చింది. రహమత్‌బీ ఇంకా పాదాలు తుడుస్తూనే ఉంది. పోస్టుమార్టం చేయించి అక్కణ్ణుంచి శవాన్ని ఊరికి తీసుకుపోవడానికి బండి లేదు. దిల్షాద్‌బీ కలీంకు ఫోన్ చేసి తెలిసినవాళ్ల వ్యాను తెప్పించింది. తాను ఎవరో చెప్పకుండా, శవాన్ని ఎక్కించేదాకా ఉండి, బస్సెక్కి ఇంటికి వచ్చింది. వచ్చాక అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక ఊసేసింది. తాను చప్పరించిన మాటల్లో ఇప్పుడు ఆ నెరిసిన గడ్డం మనిషి ఉన్నాడు. అతను గోడ నాకాడు. తాను నవ్వింది.

జైల్లో మనిషి పోయాడు కాబట్టి జమ్మలమడుగులో విచారణ పెట్టారు. గఫూర్‌కు ముందునుంచీ గుండె జబ్బు ఉందనీ, నీళ్లకు ఏనాడూ కొదవ లేదనీ అధికారి రాసిచ్చాడు. ఖైదీలెవరూ నోరు విప్పలేదు. వాళ్లు తిరిగి ఆ బ్యారక్‌లోకే పోవాలి.

దిల్షాద్‌బీ తాను పోయి చెప్తానంది. కలీం తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వు చెప్తే ఫ్యాన్లు మళ్లా వస్తాయి అమ్మీ. వాడు ఆస్పత్రి నుంచి వచ్చి వాటి కిందనే పండుకుంటాడు. సుమయ్యా కోసం చేసిందంతా నువ్వే చెరిపేస్తాండావు."

"సుమయ్యా కోసం ఒక ముసలోన్ని చంపినాం. జరుగు."

విచారణ గదిలో వెనక బెంచీ మీద రహమత్‌బీ కూర్చుని ఉంది. దిల్షాద్‌బీ ఆమె వైపు చూడకుండా మేజిస్ట్రేటు ముందు నిలబడి, అధికారి తనకు చెప్పిన ప్రతి మాటా చెప్పింది. గోడ, డ్రమ్ము, తెరిచిన తలుపు.

"ఇదంతా విన్నప్పుడు మీరు అభ్యంతరం చెప్పలేదా?" అని మేజిస్ట్రేటు అడిగాడు.

"లేదు సార్. ఇంకా చెప్పమన్నా."

"ఎందుకు?"

"నా బిడ్డను చంపినోడు అనుకున్నా. వాడైతే ఇప్పుడు కూడా ఇంకా చెప్పమంటా. నాకు మనసేం మారలా సార్."

"మరి ఆ బ్యారక్‌లో ఫ్యాన్లు పెట్టాలంటారా, వద్దంటారా?"

"వాడొక్కనికే లేకుండా చేయగలరా?"

"చేయలేం."

"అట్లయితే నన్ను అడగొద్దు."

ఆయన ఆ మాట కూడా కాగితం మీదికి ఎక్కించాడు. తర్వాత సంతకం చేయించుకున్నాడు.

ఆమె బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర కాత్యాయని ఉంది. కొడుకును ఆస్పత్రికి ఎట్లా మార్చారో అడగడానికి నాగభూషణాన్ని కూడా పిలిపించారు. ఆయన వెంట వచ్చింది. లోపల జరిగింది ఆమెకు అప్పటికే తెలిసింది. గబగబా వచ్చి చేతులు జోడించింది.

"నువ్వు చెప్పబట్టి ఫ్యాన్లు పెడతారంట తల్లీ. రేపు మావాణ్ణి తిరిగి అక్కడికే పంపినా గాలి ఉంటుంది. ఆ రోజు నువ్వు అన్నం పారబోసినా నాకు మనసులో ఏమీ లేదు. ఈ మేలు మర్చిపోను."

చెప్తూనే పాదాలు ముట్టుకోవడానికి వంగింది. దిల్షాద్‌బీ నిప్పు తగిలినట్టు కాలు వెనక్కి తీసుకుంది.

"నన్ను ముట్టొద్దు. నీ కొడుకు కోసం కాదు ఇది. వాడు చావాలని నేను పొద్దున్నే నమాజులో అడిగొచ్చినా. పో ఈడ నుంచి."

కాత్యాయని అయినా చేతులు దించలేదు. కళ్ల నీళ్లతో నవ్వుతోంది.

అప్పుడే రహమత్‌బీ బయటికొచ్చింది. దిల్షాద్‌బీ ఆమెకు ఎదురు పోయింది. "ఆపా" అంది. రహమత్‌బీ ఆగలేదు. తలమీది కొంగు ముందుకు లాక్కుని, రోడ్డు మీది గుంతను తప్పించుకున్నట్టు ఆమె పక్కనుంచి పోయింది.

ప్రొద్దుటూరు బస్సు ఒక్కటే ఉంది. ఇద్దరూ అదే ఎక్కారు. రహమత్‌బీ ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. ఆమె పక్క సీటు ఖాళీగానే ఉంది. కండక్టరు రెండుసార్లు, "ఆడ సీటుంది, కూసో" అన్నాడు. దిల్షాద్‌బీ ఊరొచ్చేదాకా కమ్మీ పట్టుకుని వెనకనే నిలబడింది. బస్టాండులో రహమత్‌బీ దిగి, చాపాడు బస్సు యాడ నిలబడతాదని ఎవరినో అడిగి, వాళ్లు చూపించిన వైపు నడిచి వెళ్లిపోయింది.