నిప్పు లేని చుట్ట

చాముండేశ్వరి చేతిలోంచి అగ్గిపుల్ల జారి పడింది. వెలుగుతున్నది వెలుగుతున్నట్టే పడింది.

ఆ ఇంట్లో దేవుడి గూడంటే వంటగదిలో గోడకున్న అలమరే. ఐర్లండులో దాన్ని ప్రెస్ అంటారు. పై అరలో పప్పుల డబ్బాలు, కింది అరలో సింహాద్రి అప్పన్న పటం, ముందర ఇత్తడి దీపపు కుంది. పుల్ల కుంది కింద పరిచిన గుడ్డ మీద పడి, గుడ్డ అంటుకుంది. ఆవిడ చెంబెడు నీళ్ళు గుమ్మరించి ఆర్పేలోపల పైకప్పుకి బిగించిన పొగ అలారం తెల్లారకుండానే ఇల్లు అదిరేలా మోగింది. మేడ మీద పసివాడు కెవ్వుమన్నాడు. వాణ్ణి చంకనేసుకుని కూతురు శ్రావ్య మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! చెయ్యి కాలిందా?"

"నేదే. గుడ్డే కాలింది. అప్పన్న సల్లగా సూసేడు."

"అప్పన్న చూశాడు సరే, ఇంటి ఓనర్ చూస్తే? ఇది మన కొంప కాదమ్మా, లీజు!"

సాయంత్రం శ్రావ్య రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీ నుంచి డ్యూటీ దిగి వస్తూ బ్యాటరీ దీపం ఒకటి పట్టుకొచ్చింది. ఇంట్లో ఉన్న అగ్గిపెట్టెలన్నీ తీసి తన గది బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇంక నీ చేత్తో నిప్పు ముట్టుకోవద్దు. దేవుడికి ఈ స్విచ్ నొక్కు, చాలు. చుట్ట సంగతి కూడా తేల్చుకుందాం."

చాముండేశ్వరి స్విచ్ నొక్కింది. ప్లాస్టిక్ వత్తి మీద పసుపు వెలుతురు వణికినట్టు నటిస్తోంది. మొగుడు పోయిన ఏడు కూడా తన చేత్తో దీపం పెట్టడం మానని మనిషి. ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

ఆవిడ ఆ దేశానికి వచ్చింది కూతురికి పురుడు పొయ్యడానికి. మనవడు పుట్టాడు, ఆ వెంటనే లోకమంతా కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఎండాకాలం కూడా గడిచిపోతోంది. పెట్టెలో తెచ్చుకున్న చుట్టలు అడుగంటుతున్నాయి. భీమిలి వైపు ఆడవాళ్ళకున్న అలవాటే ఆవిడకీ ఉంది. అడ్డపొగ. అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం. సముద్రపు గాలికి చుట్ట ఆరదు, నుసి చీర మీద రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఐర్లండు ముసురులో ఆ అలవాటు మరీ కలిసొచ్చింది. పెరట్లో చినుకుల్లో నిలబడి కూడా హాయిగా కాల్చుకునేది. అల్లుడికి తెలుసు. తెలియనట్టు ఉండేవాడు. ఆవిడా తాగనట్టే ఉండేది.

కానీ అక్కడి చలికి వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి. తెల్లవారగట్ల అయితే గుప్పిట ముడవడానికే అరగంట. డాక్టరు ఫోనులోనే చూశాడు. నోటి లోపలి ఫోటో, చేతుల ఫోటో తీసి పంపింది శ్రావ్య. అంగిట్లో తెల్లటి మచ్చలున్నాయని, పొగాకు పూర్తిగా మానేస్తేనే మంచిదని, మానలేకపోతే ముందు నోట్లో నిప్పు పెట్టుకోవడమైనా ఆపమని చెప్పాడు. ఆవిడ రెండు రోజులు మానింది. మూడో రోజు పసివాడి మీద కసిరింది. ఆ కసురుకి తనే కన్నీళ్ళు పెట్టుకుంది.

అప్పుడే శ్రావ్య వేప్ అనే మాట తెచ్చింది. నిప్పు లేని చుట్ట అని తల్లికి చెప్పింది. ఇంటర్నెట్‌లో కూర్చుని, బ్యాటరీ ఎంతసేపు ఉంటుంది, ఎన్ని స్టార్లు వచ్చాయి, అన్నీ పోల్చి చూసి ఒకటి తెప్పించింది. ఉక్కు రంగులో, బరువుగా, చిన్న టార్చిలైటులా ఉంది. పెరటి గుమ్మంలో తల్లి చేతిలో పెట్టింది.

"దీన్నెలగ ఎలిగించాలే?"

"వెలిగించక్కర్లేదు. ఈ బటన్ ఐదుసార్లు గబగబా నొక్కు, ఆన్ అవుతుంది. తర్వాత నొక్కి పట్టుకుని పీల్చు."

చాముండేశ్వరి నొక్కింది. బొటనవేలు బటన్ మీదికి వంగి, మళ్ళీ లేచేసరికి గబగబా అనేది అయిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా మొదటికే వచ్చింది. చివరికి శ్రావ్యే నొక్కింది. కింది కొసన నీలం దీపం వెలిగింది. వెలుగుతున్న కొస ఏదో చూసుకుని, చాముండేశ్వరి శుభ్రంగా ఆ కొసే నోట్లో పెట్టుకుంది.

శ్రావ్యకి నవ్వాగలేదు. "తిరగెయ్యమ్మా! లైటు బయటికి!"

"ఓలమ్మ! నిప్పు బయటెట్టుకుని మగోళ్ళలాగ తాగమంతావేటి?"

"నిప్పు లేదమ్మా అందులో."

"నిప్పు నేకపోతే ఆ ఎలుగేటి మరి?"

శ్రావ్య నవ్వుతూనే దాన్ని తల్లి చేతిలో తిరగేసింది.

పొగలాంటి ఆవిరి వచ్చింది. చుట్ట ఘాటు లేదు, కడుపులో తహతహ మాత్రం తగ్గింది. ఫరవాలేదనుకుంది. చిక్కు తర్వాత తెలిసింది. అందులో మందునీళ్ళు పొయ్యాలి. పైమూత తిప్పి తియ్యాలి. సీసా మూతేమో పిల్లలు తియ్యకుండా, నొక్కి పట్టి తిప్పితేగానీ రాదు. పిల్లలకి రాకుండా చేసిన మూత ముసలి చేతులకి మాత్రం ఎందుకొస్తుంది? శ్రావ్య డ్యూటీకి వెళ్ళేముందు నింపి, ఆన్ చేసి వెళ్ళేది. మధ్యాహ్నానికి ఖాళీ. ఇంట్లో ఉండేది అల్లుడు రాజ్‌కిరణ్ ఒక్కడే. వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు, కరోనా వల్ల పై గదిలోంచే ఉద్యోగం. అల్లుణ్ణి పిలిచి నా పొగ సామాను నింపు బాబూ అనడమా? అంతకంటే నాలుక కోసుకోవడం నయం.

ఒకరోజు కాఫీ కోసం కిందికి దిగిన రాజ్‌కిరణ్ వంటగది గుమ్మంలో ఆగిపోయాడు. అత్తగారు సీసా మూతని పళ్ళతో కొరుకుతోంది.

"అత్తమ్మా! ఆగుండ్రి! అది విషం, నోట్లకి పోతే కష్టం. ఇటియ్యుండ్రి."

చాముండేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. రాజ్‌కిరణ్ మూత తీసి, నింపి, చెయ్యి కడుక్కుని, బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"మీరెల్లి పని సూసుకోండి బాబూ. నాకిది వొద్దు."

"ఎందుకొద్దు? చేతకాక వొద్దా, అవసరం లేక వొద్దా?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మా కంపెనీల ఏదన్న కొత్త పరికరం చేస్తే, ముందుగాల చేతులు బాగలేనోళ్ళకిచ్చి పట్టుకొమ్మంటం. వాళ్ళతోని కాకపోతే అది పక్కకి పెట్టుడే. మీ దగ్గర గదే మర్చిపోయినం. మీ చేతులకు కొంటూ మా చేతులతోని చూసినం. తప్పు మాది. ఇప్పుడు చెప్పుండ్రి, ఈ ఇంట్ల మీ చేతికి ఏది సులువు, ఏది కష్టం?"

ఇలా ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చాముండేశ్వరి మొదట మొహమాటపడింది. తర్వాత ఒక్కొక్కటే చూపించింది. పచ్చడి సీసా మూత రాదు. టూత్‌పేస్టు మూత అరచేతి అడుగుతో తోస్తే వస్తుంది. సన్న చెంచా జారిపోతుంది, అట్లకాడ నిలుస్తుంది. చివరికి దేవుడి అలమర దగ్గరికి వెళ్ళి తలుపు తెరిచి, వేలితో కొద్దిగా తోసింది. తలుపు టక్కుమని అతుక్కుంది.

"ఇది సూడండి బాబూ. దగ్గరకంటా తెస్తే సాలు, అదే లాక్కుంటాది. ఇలాటిదయితే నా సెయ్యి పట్టుకుంటాది."

"అయస్కాంతం," అన్నాడు రాజ్‌కిరణ్. అతని మొహం వెలిగింది.

శనివారం ముగ్గురూ పసివాడితో కార్క్ పట్నం వెళ్ళారు. నది ఒడ్డున సందులో వేప్‌లు అమ్మే చిన్న కొట్టు. మూతికి మాస్కులు, గల్లా ముందర ప్లాస్టిక్ అద్దం, అద్దం మీద వస్తువులు ముట్టుకోవద్దని కాగితం. శ్రావ్య పసివాణ్ణి తీసుకుని బయటే ఆగింది. రాజ్‌కిరణ్ అద్దానికి ఇటువైపు నుంచి చెప్పాడు, మా అత్తగారు చేత్తో పట్టుకుని చూడకపోతే లాభం లేదని. గడ్డం ఉన్న కొట్టాయన కాగితం వంక చూశాడు, చాముండేశ్వరి వేళ్ళ వంక చూశాడు. "నో బాదర్" అని, ఫరవాలేదన్నట్టు తలూపి, ఆవిడ చేతులకి శానిటైజర్ పోసి, మందులేని ఖాళీవి నాలుగైదు తుడిచి వరసగా పెట్టాడు.

చాముండేశ్వరి గాజుల కొట్లో కూర్చున్నట్టు కూర్చుంది. మొదటిది పెన్నులా ఉంది, వేళ్ళ మధ్య నిలవలేదు. రెండోదానికి బటన్ ఉంది, దాన్ని వేలితో కాదు, చూపుతోనే పక్కకి నెట్టేసింది. ఇంకొకటి నున్నగా, సబ్బుబిళ్ళలా జారింది. నాలుగోది పలకగా, తేలిగ్గా ఉంది, పక్కల రబ్బరు పట్టు ఉంది. బటన్ లేదు, నోట పెట్టుకుని పీలిస్తే చాలు, అదే మేలుకుంటుందన్నాడు కొట్టాయన. మందు ముందే నింపిన చిన్న డబ్బీలొస్తాయి. ఒకటయిపోతే లాగేసి ఇంకోటి పెట్టుకోవడమే. అతను ఖాళీ డబ్బీ ఒకటి ఇచ్చాడు. చాముండేశ్వరి రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని దగ్గరకి తెచ్చింది. టక్.

తీసింది. మళ్ళీ పెట్టింది. టక్. మాస్కు పైన కళ్ళు నవ్వాయి.

"గ్రాండ్," అని మెచ్చుకున్నాడు కొట్టాయన.

"డబ్బీల మీద రేకు మటుకు గట్టిగ ఉంది," అన్నాడు రాజ్‌కిరణ్. "ఆదివారం ఆదివారం శ్రావ్య చింపి స్టీలు డబ్బాల వేసి పెడ్తది. నన్ను అడిగే పని లేదు మీకు."

చివరి మాట అతను అటు తిరిగి అన్నాడు. తన సిగ్గుని అల్లుడు గమనించాడని ఆవిడకి అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం చాముండేశ్వరి మిగిలిన చుట్టలు కాగితంలో చుట్టి కూతురి ఒళ్ళో పెట్టింది.

"ఇవి పారియ్. నా నిప్పు నీకిచ్చీసేను. దేవుడి నిప్పు నాకిచ్చియ్."

శ్రావ్య బ్యాటరీ దీపం వైపు చూసింది. "అమ్మా, చుట్ట మానేస్తే నీ వేళ్ళు మారిపోవు కదా. పుల్ల మళ్ళీ పడితే? కింద వీడు పాకుతుంటాడు."

"నిజమే."

"నేను వెలిగిస్తాను, నువ్వు దణ్ణం పెట్టుకో."

"నువ్వెలిగిస్తే అది నీ దీపం. మంచిదే. నాదేది?"

శ్రావ్య ఒళ్ళోని పొట్లం పక్కన పెట్టి అడిగింది, "పోనీ, అంత చీకటితో ఎందుకు పెడతావు? వేళ్ళు అప్పుడేగా అసలు వంగవు. కాస్త పొద్దెక్కాక పెట్టొచ్చుగా. అప్పన్న కూడా షిఫ్ట్ డ్యూటీ చేస్తున్నాడా, ఆరింటికి పంచ్ కొట్టడానికి?"

చాముండేశ్వరి నవ్వబోయి ఆగిపోయింది. ఎందుకు పెడుతోంది? పెళ్ళయిన నాటి నుంచి ఒక నియమం పెట్టుకుంది, దీపం పెట్టందే చుట్ట ముట్టనని. ఆ నియమం చూసి అత్తగారు మెచ్చుకుంది, వీధి మెచ్చుకుంది. కానీ మెలకువ రాగానే పిలిచేది ఎవరు? దేవుడా, చుట్టా? మంచం దిగడం, మొహం కడగడం, వంగని వేళ్ళతో గీకడం, వత్తి అంటుకుందో లేదో ఒక్క దణ్ణం, ఆ వెంటనే పెరట్లోకి. ఆ రోజు పుల్ల పడింది వేళ్ళ నొప్పికేనా, ఆ తొందరకా? దేవుణ్ణి ముందు పెట్టాననుకుంది. ముందు పెట్టి వెనకనుంచి తోస్తూ ఉందేమో.

"రేపు పొద్దెక్కేక పెడతాను. నువ్వు పక్కనుండు. పుల్ల పడితే ఇంక అడగను," అంది చాముండేశ్వరి.

"సరే," అంది శ్రావ్య. "ఒక్కసారి చూస్తాను."

మర్నాడు ఆదివారం. మెలకువ వచ్చింది, తహతహా వచ్చింది. చాముండేశ్వరి మొహం కడుక్కుని అలమర ముందు నిలబడింది. నియమం నియమమే. ఇది చుట్ట కాదుగా అని సర్దిచెప్పుకోవడం ఆవిడకి ఇష్టం లేదు. తప్పయితే తప్పే. "నిన్ను తొందరపెట్టలేను సామీ" అని పటానికి చెప్పి, పెరట్లోకి వెళ్ళింది. పలక బిళ్ళ తిన్నగా, మగవాళ్ళలాగే, నోట పెట్టుకుని పీల్చింది. సన్న చినుకులు పడుతున్నాయి. చాలనిపించేదాకా నిలబడి, లోపలికొచ్చి పుక్కిలించి, స్నానం చేసి, సింకులో గోరువెచ్చని నీళ్ళు పట్టి రెండు చేతులూ ముంచి ఉంచింది. వేళ్ళు ఒక్కొక్కటే మాట వినడం మొదలుపెట్టాయి.

శ్రావ్య పసివాడితో కిందికొచ్చింది. చలికి నెగడు వేసుకునే పొడుగు అగ్గిపుల్లల పెట్టె తెచ్చింది. లావుపాటి పుల్లలు. చాముండేశ్వరి ఒకటి తీసుకుని గుప్పిట్లో అట్లకాడలా పట్టుకుంది. గీసింది. అంటుకోలేదు. శ్రావ్య చెయ్యి ముందుకొచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఇంకోసారి గీసింది. మంట లేచింది. పుల్ల పడలేదు. వత్తి అందుకుంది. పుల్లని పక్కన నీళ్ళ గిన్నెలో ముంచింది.

శ్రావ్య అగ్గిపెట్టె మూసింది. కాసేపు చూసింది. రోజూ ఒక దణ్ణంతో లేచిపోయే తల్లి పీట మీద అలాగే కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి, కళ్ళు దీపం మీద ఉన్నాయి. పెరటి తలుపు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"అయిపోయిందా అమ్మా? టిఫిన్ పెట్టనా?"

"ఉండే," అంది చాముండేశ్వరి. "ఇంకా మొదలెట్టనేదు."