తుక్కన్న నోటితోనే

సర్వేయరు అనే మాట ఇంగ్లీషుదని చదువుకున్నవాళ్ళు అంటారు. నేను ఒప్పుకోను. సర్వం ఏరుకునేవాడు సర్వేయరు. అచ్చంగా మన మాటే. ఈ సంగతి నాకు నేర్పినవాడు పలాస నీలకంఠం. నోటితో చెప్పలేదు, చేసి చూపించాడు.

తొంభై తొమ్మిది తుపానుకి టెక్కలిలో మా సత్యమ్మక్క ఇంటి షెడ్డు కూలి కారు మీద పడింది. అది ఆషామాషీ కారు కాదు. ముప్ఫై ఎనిమిదో సంవత్సరపు ఆస్టిన్. మిషను ఆసుపత్రి డాక్టరు మిస్సమ్మ తన దేశం వెళ్ళిపోతూ, దాన్ని నడిపిన డ్రైవరుకే రాసిచ్చేసింది. ఆ డ్రైవరు మా బావ షాలేమ్ రాజు. ఆ ఇంజను మోతకి బావకి చెవుడొచ్చింది. మా అక్కతో కాపురానికి ఆ చెవుడు దేవుడిచ్చిన వరం అని నేనంటే అక్క నా మీదకి గరిటె విసిరేది. మా క్రైస్తవ సంఘంలో ఏ పెళ్ళికూతురైనా గుడికి వెళ్ళేది ఆ కారులోనే. కంపెనీవాడికది ఆస్టిన్, మా బావకది ఆస్తి.

ఇన్సూరెన్సు ఉందిలే అని ధైర్యంగా ఉన్నాం. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ తరఫున నీలకంఠం వచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు. గుడి చుట్టూ తిరిగినట్టు కాదు, కోడిపిల్లల పైన గద్ద తిరిగినట్టు. బానెట్ ఎత్తి చాలాసేపు లోపలికి చూశాడు. చూసి, మూసి, చేతులు దులుపుకుని, "తుక్కండీ" అన్నాడు.

అరుగు మీద కూర్చున్న బావకి వినపడలేదు. "ఏటన్నాడే?" అని అక్కని అడిగాడు. అక్క చెప్పేలోపే నీలకంఠమే దగ్గరికెళ్ళి, బావ చెవి దగ్గర నోరు పెట్టి, వీధి వీధంతా వినేలా అరిచాడు.

"తుక్కు! పాత ఇనప సామాన్లోడికి ఏసీడమే! తుక్కు!"

ఈసారి బావకి వినపడింది. ఆ తర్వాత ఇక ఎవరి మాటా వినాలని ఆయన అనుకోలేదు. అన్నం ముందు పెడితే కారు వైపు చూసేవాడు, కారు ముందు నిలబెడితే నేల వైపు చూసేవాడు. ఆ క్రిస్మసు చూడకుండానే పోయాడు. డాక్టర్లు గుండె జబ్బన్నారు. అక్క ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ ఒకటే అంటుంది, "మా ఆయన తుక్కు మాట తగిలి పోనాడు."

అక్కడితో ఆగితే నేనీ కథ రాయను. బావని మట్టి చేసిన వారం తిరక్కుండా పలాస నుంచి ఒక లారీ వచ్చి వాకిట్లో ఆగింది. జానకిరామ్ అనే కుర్రపెద్దమనిషి దిగి, "తుక్కు కారు ఉందంట కదమ్మా, కొనీడానికొచ్చినాం" అన్నాడు. ఆ సమయంలో ఉద్దానం రేవు నుంచి చేపలు తెచ్చి అమ్మే రాజులమ్మ అరుగు మీద బుట్ట దించుకుని ఉంది. ఆవిడ లారీ లోపలికి తొంగి చూసింది. అడుగున మందంగా గడ్డి, గడ్డి మీద కొత్త దుప్పట్లు.

"ఓలమ్మ! తుక్కుకి దుప్పట్లేటి బావూ? దానికి సలేత్తదేటి?"

జానకిరామ్‌కి అబద్ధం ఆడటం వచ్చు గాని అప్పటికప్పుడు ఆడటం రాదు. "గీత పడకుండా తెమ్మన్నాడు మా నీలకంఠం బావ" అనేశాడు. అన్నాక నోరు మూసుకున్నాడు గాని, అప్పటికే లారీ కన్నా పెద్దగా తెరిచాడు.

రాజులమ్మ బుట్ట అడుగున ఉన్న చేపల నీళ్ళు తీసుకెళ్ళి ఆ దుప్పట్ల మీద కుమ్మరించింది. లారీ కంపు కొట్టుకుంటూ పోయింది. అక్క ఏడవలేదు. కొంగు దోపుకుని నా వైపు తిరిగింది.

"ఒరే ఏసుబాబూ. ఈ కారు ఇలువ ఎంతో ఆడి నోటితోనే సెప్పిత్తాను. మీ బావకి తుక్కని ఎలగ ఇనిపించినాడో అలగే ఇనిపిత్తాను. అంతవరకూ నాను పోను."

పాస్టరుగారు వచ్చి శత్రువుని క్షమించాలమ్మా అని నెమ్మదిగా చెప్పారు. అక్క ఆయనకి కుర్చీ వేసి మరీ చెప్పింది. "సెమించడం దేవుడి డిపార్టుమెంటు అయ్యగారూ. ఆయన పనిలో నాను ఏలెట్టను. నా పనిలో ఆయన్నీ ఎట్టొద్దని సెప్పండి."

ఆ కారుని మళ్ళీ కారు చేసింది అక్క అల్లుడు తిమోతి. నౌపడలో మెకానిక్కు. ఉప్పుగాలిలో బతికేవాడు కాబట్టి తుప్పు వాడికి పాత చుట్టం. వీలున్నప్పుడల్లా వచ్చి రేకు కొట్టాడు, రంగు కొట్టాడు, చివరికి హారన్ కూడా కొట్టాడు. రెండు వేల మూడుకల్లా ఆస్టిన్ మళ్ళీ రోడ్డెక్కింది.

ఈసారి కారుకి అసలు విలువ మీదే ఇన్సూరెన్సు కట్టాలని అక్క పట్టు పట్టింది. నలభైకి ముందు పుట్టిన కార్లకి ఒక సదుపాయం ఉందట. కారు విలువ ఎంతో ముందే ఇద్దరూ ఒప్పుకుని పాలసీలో రాసుకోవచ్చు. రేపు కారు పోతే ఆ రాసిందంతా ఇవ్వాల్సిందే, పాతదని తగ్గించే పని లేదు. వినడానికి పాలసీ పాలమీగడలాగే ఉంది. కాని ఆ విలువ ఎంతో ఒక నిపుణుడు చూసి రాయాలి. మా ప్రాంతానికి కంపెనీ పెట్టుకున్న నిపుణుడెవరయ్యా అంటే, నీలకంఠం.

వచ్చాడు. మెరిసిపోతున్న బానెట్ మీద చెయ్యి వేసి, పిల్లని చూడటానికొచ్చిన పెళ్ళికొడుకులా నవ్వుకున్నాడు. పన్నెండు వేలని రాశాడు. రాసి, "అమ్మీదల్చుకుంటే మాత్రం నాకే సెప్పండమ్మా" అన్నాడు. అక్క కోప్పడలేదు. పంచదార ఎక్కువ వేసి టీ ఇచ్చింది. మా అక్క మర్యాదగా టీ ఇచ్చిందంటే అవతలివాడు అంబులెన్సుకి కబురు పెట్టుకోవడం మంచిది. పాపం, ఆయనకి తెలియదు.

వారం తర్వాత అక్క గుళ్ళో లేచి నిలబడి, ఈ ఏడు కోతల పండక్కి నా ఆస్టిన్ కారు దేవుడికి ఇచ్చేస్తున్నాను అని చెప్పింది. నా గుండె ఇంజనులేని బండిలా ఆగిపోయింది.

మా కోతల పండగ ఎరగనివాళ్ళకి చెప్పాలి. సంఘంవాళ్ళు తమ పంటలో మొదటిది గుడికి తెస్తారు. ఆనపకాయ, కోడి, కొబ్బరికాయలు, జీడిగింజలు, మేక. ప్రార్థన అయ్యాక వాటికి వేలం పాట. డబ్బు దేవుడికి కాబట్టి ధరలకి పిచ్చెక్కుతుంది. వంకాయ కోడి ధరకి, కోడి మేక ధరకి పోతాయి. పాడుకున్నవాడు వేదికెక్కి, ఇదెందుకు తీసుకున్నానో రెండు ముక్కలు సాక్ష్యం చెప్పాలి. పాడి వెనక్కి తగ్గితే వస్తువు ఇచ్చినవాళ్ళ ఇంటికే తిరిగిపోతుంది, వాళ్ళు బదులుగా ఇంకోటి ఇస్తారు. పాట ఏటేటా నేనే పాడిస్తాను. నా గొంతుంటే మైకు అక్కర్లేదు. ఊళ్ళో మైకులు అద్దెకిచ్చేవాడికీ నాకూ అందుకే మాటల్లేవు.

"అక్కా, కారు నిజంగా పోతే?" అన్నాను.

"పోతే పోనీ. ఆడి నోట్లోంచి మాట రావాల. కారు ఉండి మాట రాకపోతే నాకెందుకది?"

పండగ రోజు గుడి ముందు పందిట్లో కారు నిలబెట్టారు. వెనక బంపరుకి అక్క మేకపోతుని ఎందుకు కట్టిందో నాకు అర్థం కాలేదు. ఆడవాళ్ళ వరసలో, ఒళ్ళో గుమ్మడికాయ పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. మోహినిగారు. ఇన్సూరెన్సు బ్రాంచికి కొత్తగా వచ్చిన మేనేజరు. అక్కే వెళ్ళి పిలిచింది. నీలకంఠం ఆవిడ ముఖం ఇంకా చూడలేదు.

నీలకంఠం వచ్చాడు. పాట సంగతి పలాస దాకా పాకింది మరి. ఈసారి బావమరిదిని పంపలేదు. దుప్పట్లకి తగిలిన దెబ్బ గుర్తుంది. తిమోతి మొదటి పాట పాడాడు, "ఇరవై వేలు!"

"ముప్ఫై!" అంది వెనక నుంచి రాజులమ్మ. చేపల బుట్ట పక్కన పెట్టుకుని, బుగ్గన పొగాకు పెట్టుకుని. ఆవిడ మా సంఘం కాదు, ఏటా తమాషాకి వస్తుంది.

నీలకంఠం చటుక్కున వెనక్కి తిరిగాడు. ఆయన పలాస మనిషి. అక్కడ జీడిపప్పు పెద్ద బేరమైతే అసలు వ్యాపారి ఎప్పుడూ ఎదటికి రాడు. ఒక కూలీనో రిక్షావాణ్ణో పంపి అడిగిస్తాడు, రేటు పెరగకుండా. ఆయనా అలాగే బావమరిదిని పంపాడు కదా. చేపలావిడ కారు కొనడమేమిటి? ఎవరో కలకత్తా పార్టీ ఆవిడ వెనక ఉంది. ఎవడో తన కన్నా ముందు వాసన పట్టాడు. చేపల వాసన ముక్కుకి తగులుతున్నా ఆయనకి పార్టీ వాసనే తగిలింది.

"యాభై!" అన్నాడు.

"డెబ్బై!" అంది రాజులమ్మ, పొగాకు ఉమ్మి.

"లచ్చ!"

"లచ్చా ఇరవై. ఏటి బావూ, అలగ సూత్తావు? నాను కారెక్కకూడదేటి?"

జనం ఈలలు వేశారు. నేను గొంతు చించుకున్నాను. రాజులమ్మ బుట్టలో నాలుగు ఎండుచేపలు, అవీ కవ్వళ్ళు, తప్ప ఏమీ లేదని నాకు తెలుసు. నీలకంఠం ఇక్కడ ఆగిపోతే ఆవిడ ఆ కవ్వళ్ళే దేవుడికి కట్టాలి. అక్క మాత్రం కారు తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది, బావ నిలబడే చోటే.

"రెండు లచ్చలు!" నీలకంఠం లేచి నిలబడి అరిచాడు.

రాజులమ్మ ఇంకో మాట అనబోయింది. అక్క కళ్ళతోనే వద్దంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. సుత్తి లేక, ముందున్న కొబ్బరికాయ మీద అరచేత్తో కొట్టి పాట ముగించాను.

"సాక్ష్యం!" అని జనం అరిచారు. ఇక వస్తువు తనదే కదా, నీలకంఠానికి దాచుకునే పని లేదు. పైగా గెలిచిన మదం. వేదికెక్కి గొంతు సవరించుకున్నాడు. "మీకెవరికీ తెలీదు గాని, ఇది ముత్యం. ఇంజను అసలుదే, ఒక్క బోల్టు మారలేదు. దీపాలు ఆ కాలంవే. తుపానప్పుడు బానెట్ ఎత్తినప్పుడే నాను కనిపెట్టీసినాను. కలకత్తాలో దీనికి ఇంతకి రెట్టింపు ఇచ్చీవోళ్ళున్నారు!"

మోహినిగారు గుమ్మడికాయ పక్కన పెట్టి లేచారు.

"నీలకంఠంగారూ, నేను మీ కొత్త మేనేజర్ని. ఇదే కారుకి మీరు పన్నెండు వేలని రాసిచ్చారు. తుపానప్పుడు తుక్కని రాశారు. ఇప్పుడు ముత్యం అంటున్నారు. నేను ఏది నమ్మాలి?"

నీలకంఠం ముఖం పాడైన ఆనపకాయలా జావకారింది. "అదేనమ్మా... దేవుడి సొమ్ము కదా... బత్తి కొద్దీ ఎక్కువ పాడీసినాను..."

"బోల్టులు కూడా బత్తి కొద్దీనే లెక్కెట్టినావా?" అంది రాజులమ్మ.

పందిరి నవ్వుతో ఊగింది. అక్క నవ్వలేదు. వేదిక దగ్గరికి నడిచింది.

"పాట వొదిలీ. కారు నా ఇంటికి తిరిగొచ్చీసింది. దేవుడికి నా మేకపోతు. నువ్వు ఇప్పుడు అన్న ఇలువ, ఆ రెండు లచ్చలూ, ఇక్కడే రాసి సంతకం పెట్టు. ఏటేటా పాలసీ కట్టీముందు నువ్వే రావాల, నాను సెప్పిన కాడ సదవాల. రాకపోతే నీ మూడు ఇలువలూ పై ఆఫీసుకి ఎల్తాయి. ఆ పైన నీ ఇలువ ఎంతో ఆళ్ళు కడతారు."

మోహినిగారు, ఈ ఒక్క కారు తప్ప మా బ్రాంచిలో ఇంక మీకు పని లేదు అన్నారు. నీలకంఠం రాశాడు. ఈసారి అంకెలు సరిగ్గానే పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే అక్క ఆయన్ని మిషను శ్మశానానికి రప్పించింది. తిమోతి కారు తెచ్చి బావ సమాధి ముందు ఆపాడు. నీలకంఠం కాగితం తీసి గొణిగాడు.

"గట్టిగా సదువు. మా ఆయనకి సెవుడు."

ఆయన గొంతు పెంచాడు.

"తుక్కన్నప్పుడు వీధంతా ఇనిపించింది. అంత గట్టిగా."

"పందొమ్మిది వందల ముప్ఫై ఎనిమిది ఆస్టిన్! ఇలువ రెండు లచ్చల రూపాయలు!" గోడ అవతల సైకిళ్ళ మీద ఉప్పుమడులకి పోతున్న కూలీలు ఆగి చూశారు. అక్క సమాధి వైపు వంగి, "ఇన్నావా?" అంది. అక్క కళ్ళు తుడుచుకోవడం నేను ఆ ఒక్కసారే చూశాను.

అప్పటి నుంచి ఏటా ఇదే. పాస్టరుగారు ఏటా క్షమించమంటారు, అక్క ఏటా ఆయనకి కుర్చీ వేస్తుంది. కిందటేడు నీలకంఠం మెడకి మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. గొంతు పట్టేసిందని సైగ చేసి, ఈ ఏటికి వదిలెయ్యమని చేతులు జోడించాడు. అక్క ఎంతో దయగా ఆయన్ని సమాధి గట్టు మీద కూర్చోబెట్టింది. ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చిన మిరియాల పాలు గ్లాసులో పోసింది. ఆఖరి చుక్క దాకా తాగేవరకూ పక్కనే నిలబడింది.

"ఇప్పుడు సదువు" అంది.