తాళికి తగిలించిన పిన్నీసు

తూర్పు తిమోర్‌కి ఆస్ట్రేలియా సైన్యం బయల్దేరినప్పటి నుంచి సిడ్నీ అవతలి ఆ మందుగుండు ఫ్యాక్టరీలో ఊపిరాడని పని. గాజులు, మెట్టెలు, తలపిన్నులు గేటు దగ్గరే తీసేయాలి. ఇనుము రాసుకుని ఒక్క నిప్పురవ్వ లేచినా అంతే సంగతులు. అక్కడ పనిచేసే సువర్చల తాళి మాత్రం తీయనని మొండికేసింది. దానికి టేపు చుట్టుకుని రమ్మని సూపర్‌వైజర్ జోయ్స్ ఒప్పుకుంది.

ఆ రోజు తూటాల్లో మందు కూరుతుండగా గుండెల మీద ఏదో గుచ్చుకుంది. తడిమి చూసుకుంది. పిన్నీసు! నిన్న చీర కట్టినప్పుడు తాళికి తగిలించి మరిచిపోయి, పొద్దున దాని మీదే టేపు చుట్టేసింది. ఇప్పుడు టేపు ఊడి, పిన్నీసుతో సహా తాళి బల్ల మీదికి వేలాడుతోంది. చప్పుడు చేయకుండా దాచుకుంటే ఎవరికీ తెలీదు. చెబితే ఉద్యోగం ఊడుతుంది.

పిన్నీసును పిడికిట్లో బిగించి, "జోయ్స్! స్టాప్!" అని కేక పెట్టింది. అందరూ చేతుల్లోవి వదిలేసి బయటికి నడిచారు. సాయంత్రానికి సువర్చల ఉద్యోగం ఊడి, టూంగాబీలోని తన ఇంట్లో ఉంది.

"పిన్నీసుకి జాబ్ పోగొట్టుకుంటావా? నోరు మూసుకుని షిఫ్ట్ ఫినిష్ చేస్తే ఏం పోయేది?" భర్త నరహరి గయ్యిమన్నాడు. రెండువేల సంవత్సరం వస్తే, సంవత్సరంలో చివరి రెండంకెలే గుర్తుంచుకునే కంప్యూటర్లు తికమకపడతాయని, ఏడాదిగా వాటిలో తేదీలు దిద్దుతున్నాడు.

సువర్చల అన్నం గిన్నె ఠక్కున బల్ల మీద పెట్టింది.

"రెండంకెలు తప్పితే కొంపలు మునుగుతాయని మీరే కదండీ అంటారు? అక్కడ మీ పక్కన ఉండేవి మెషీన్లు. నా పక్కన జోయ్స్ ఉంది."